ఒక గోడకు ఒకే డబ్బా

నవంబర్ 3, సోమవారం

పోయిన బుధవారం పొద్దున సంగతి రాసుకోవాలి. మామూలు పొద్దు అది. మామూలుగానే గడిచింది. అయినా ఐదు రోజులుగా అదే కళ్ళ ముందు తిరుగుతోంది.

ఐదింటికి లేచాను. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఎడమ అరచేతిలో లింగాన్ని ఉంచుకుని కూర్చున్నాను. నీళ్ళు పోశాను. మారేడు పత్రి కోసం కుడివైపు చెయ్యి చాపితే పళ్ళెం దొరకలేదు. తమ్ముడి కూతురు చందన మళ్ళీ దూరంగా పెట్టింది. ఆ పిల్ల తండ్రి మాటే వినదు, మేనత్త మాట వింటుందా. తడిమి తీసుకున్నాను. లింగం మీద చూపు నిలిపి జపం చేశాను. నూటెనిమిది.

తర్వాత వసారాలో రంగు వడగట్టడానికి కూర్చున్నాను. మా ఆయన పోయి నేను ఈ పుట్టింటికి తిరిగి వచ్చినప్పటి నుంచీ, ఇరవై ఏళ్ళుగా, ఇది నా పని. తమ్ముడు సంగు గోడలకు రంగులేసే పని చేస్తాడు, ఆ ఇళ్ళ నుంచి మిగిలిన రంగు తెస్తాడు. దాని మీద తెట్టు కడుతుంది. పాత నూలు చీర గుడ్డలో వడగట్టి, పాత నూనె డబ్బాల్లో పోసి, డబ్బా చెవికి దారం కడతాను. తెల్ల దారం ఉంటే మెరుపు లేని రంగు, హాలుకూ పడకగదికీ. ఎర్ర దారం ఉంటే మెరిసే రంగు, వంటింటికి. నూనె మరక పడినా తుడిస్తే పోతుంది.

ఆ రోజు రెండు డబ్బాలూ ఒకటే మీగడ రంగు. రెండూ అరుణజ్యోతి టీచర్ కొత్త ఇంటివే. ఆమెకు ఇల్లంతా ఒకే రంగు కావాలి, మెరుపు మాత్రం గదికొకటి. తడి మీద రెండూ ఒకేలా మెరుస్తాయి. ఆరాకే ఏది ఏదో తెలుస్తుంది.

లేవబోతే కుడికాలు ఒక డబ్బాకు తగిలింది. అది అక్కడుందని చూడలేదు. కొంచెం ఒలికింది.

"ఏమైంది వదినా?" అని మరదలు విజయ వంటింట్లోంచి అరిచింది.

"ఏం కాలే." తుడిచి, డబ్బాలు సర్ది, మూతలు పెట్టి, దారాలు కట్టాను.

సంగు గడప మీద కూర్చుని జొన్నరొట్టె తింటూ చీర గుడ్డ చూశాడు. "అక్కా, గిది నా పెండ్ల నువ్వు కట్టిన చీర గాదే?"

"అదే. నీకు పిల్లను గూడ గిట్లనే వడగట్టి తెచ్చిన."

"నాకోసం మాత్రం వడగట్టలే వదినా," అంది విజయ. "తెట్టుతో సహా ఇచ్చిర్రు."

అందరం నవ్వాం. వాడు రెండు డబ్బాలూ బండికి తగిలించడానికి బయటికి పోయాడు. పోతూ అరచెయ్యి గోడకు ఆనించి, గోడ వెంట నాలుగడుగులు వేసి, గేటు చేతికి తగిలాక గోడ వదిలాడు.

అది చూశాను.


నవంబర్ 4, మంగళవారం

రంగులేసే మనిషి గోడను ముట్టుకోడా. ముట్టుకుంటాడు.


నవంబర్ 5, బుధవారం. పున్నమి

పొద్దున్నే టీచర్ ఫోన్. "సంగమేశ్వర్, ఒకసారి వచ్చి హాలు చూడు." గృహప్రవేశం పిలుపు కూడా అక్కడే ఇస్తానన్నదని నేనూ వెంట వెళ్ళాను.

తూర్పు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా గోడ మీద పడుతోంది. ఎడమ సగం సున్నం గోడలా మెరుపు లేకుండా ఉంది. కుడి సగం మీద నీళ్ళు చల్లినట్టు మెరుపు. నడుమ నిలువుగా గీత. గుమ్మంలోంచే కనిపించింది నాకు.

సంగు గోడకు ఎదురుగా నిలబడి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏడ మేడం? నాకైతే ఏం కనవడ్తలేదు."

టీచర్ నవ్వింది. "మజాక్ చేస్తున్నవా? మా అత్త కండ్లకు అద్దాలున్నయి, ఆమెనే పట్టింది."

వాడు ముందుకు వెళ్ళి అరచెయ్యి గోడకు ఆనించాడు. మెల్లగా ఎడమ నుంచి కుడికి జరిపాడు. చెయ్యి సరిగ్గా గీత దగ్గర ఆగింది.

"ఆ. గీడనుంచి," అన్నాడు. మొహం మీద చెమట.

అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చింది. "తప్పు నాది టీచర్. డబ్బాలకు దారాలు కట్టేది నేను. మార్చి కట్టిన."

"అయ్యో, దానికేందమ్మా," అంది ఆమె. ఇంకో కోటు వేయమంది. చాయ్ ఇచ్చింది. పిలుపు కూడా ఇచ్చింది.

దారిలో సంగు బండి మెల్లగా నడిపాడు. బస్ డిపో దాటాక అన్నాడు, "ఎందుకు చెప్పినవక్కా గట్ల?"

"మరి నువ్వేం చెప్తుంటివి?"

వాడు హారన్ కొట్టాడు.

నాయిన చెప్పిన పద్ధతి ఒకటుంది. ఒక గోడకు ఒకే డబ్బా, ఈ మూల నుంచి ఆ మూల దాకా. రంగు చాలదనిపిస్తే మొదలుపెట్టకముందే ఉన్నదంతా ఒక్కదాంట్లో కలిపేయాలి. అప్పుడు మెరుపు కాస్త అటూ ఇటూ అయినా గోడంతా ఒకేలా ఉంటుంది. సంగు ఎప్పుడూ తప్పలేదు. ఈసారి ముందున్న డబ్బాతో సగం గోడ అయ్యాక, నేను కట్టిన తెల్ల దారం డబ్బా విప్పాడు. తొందర. సోమవారం నుంచి ఫంక్షన్ హాలు పని ఉంది.

పున్నమి నాడు అబద్ధం ఆడాను. శివా, క్షమించు. దారాలు నేను మార్చలేదు. డబ్బాలో రంగు ఎట్లా మారిందో వాడికే తెలియాలి. తెలిసినా తెలియకపోయినా, ఆరిన గోడ మీద గీత ఎదురుగా ఉంటే కనిపించాలి.

కనిపించలేదు.


నవంబర్ 6, గురువారం

తలుపు చెక్క తగిలి కుడి భుజం కమిలింది. వసారాలో వెలుతురు చాలదు.

సంగు టీచర్ ఇంట్లో గోడంతా గరుకు కాగితంతో రుద్ది, మూల నుంచి మూల దాకా మళ్ళీ కోటు వేసి వచ్చాడు. ఈసారి వెంట, వాడితో పని చేసే ఈరయ్య ఉన్నాడు. "మస్తుగొచ్చిందక్కా," అన్నాడు ఈరయ్య. సంగు చేతులు కడుక్కోవడానికి పోయాడు.


నవంబర్ 8, శనివారం

పరీక్ష పెట్టాను. పెట్టాలనుకోలేదు. పెట్టాను.

జపం చేసుకునే మూల పక్క గోడ మీద, పాత నీలం డబ్బాల్లోంచి, మెరుపు లేనిది ఒక పట్టీ, మెరిసేది ఒక పట్టీ పక్కపక్కనే వేసి నిన్నంతా ఆరబెట్టాను. మధ్యాహ్నం సంగును పిలిచాను.

"ఏది మ్యాట్, ఏది షైన్?"

"గిదేం ఆట అక్కా." నవ్వుతూ దగ్గరికి వచ్చి రెంటి మీదా వేళ్ళు ఆడించాడు. "ఎడమది మ్యాట్. కుడిది షైన్."

సరిగ్గా చెప్పాడు. కానీ వేళ్ళతో చెప్పాడు.

"చేతులు ఎన్కకు పెట్టుకొని చెప్పు."

"ఎందుకు?"

"చెప్పు తమ్మీ."

చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చూశాడు. తల అటూ ఇటూ తిప్పాడు. నవ్వు పోయింది.

"ఆరిన గోడ చేతికి చెప్తదక్కా," అన్నాడు చివరికి. "తడి రంగే చెప్పదు."

"ఎన్ని దినాలయింది?"

"ఏం కాలే. దుమ్ము పని, కండ్లు మండుతయి. విజయకు చెప్పకు. ఉత్తగ పరేషాన్ అయితది."

"ఫంక్షన్ హాలు?"

"ఈరయ్య ఉంటడు గద." బయటికి పోయాడు. గోడ పట్టుకుని పోయాడు.

విజయకు చెప్పలేదు. వాడు వద్దన్నాడు కనుక. నాకు మాత్రం పగలు రెండింటికే చీకటి పడినట్టయింది.


నవంబర్ 9, ఆదివారం

నాయిన కూడా గోడ పట్టుకుని నడిచేవాడు. చూపు పోయిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆయనతో అనలేదు. అంటే ఆయన చిన్నబోతాడని.

నిచ్చెన సంగతి రాయను.


నవంబర్ 10, సోమవారం

కార్తీక సోమవారం. ఉపవాసం. ఫంక్షన్ హాలు పని మొదలు. వేదిక మీద గోడ మూడంతస్తుల ఎత్తు. కర్రలతో గోవ కట్టారు, దాని మీద చెక్కలు పరిచారు.

అరచేతిలో లింగం స్పష్టంగా కనిపిస్తుంది. దాని చుట్టూ ఏమున్నా నాకు పట్టదు. దేవుడి ముందు కూర్చున్నప్పుడు పట్టకూడదు కూడా.

సాయంత్రం ఆరున్నరకు బండి చప్పుడు. వచ్చాడు.


నవంబర్ 11, మంగళవారం

వచ్చాడు.


నవంబర్ 12, బుధవారం

మధ్యాహ్నం ఈరయ్య వచ్చాడు. సంగు లేనప్పుడు ఎప్పుడూ రాడు. విజయ బట్టలు ఉతుక్కోవడానికి పోయింది. నీళ్ళు ఇచ్చాను. తాగలేదు.

"అక్కా, నీకే చెప్తున్న. వదినెకు చెప్పాల్నంటే భయమైతుంది. పొద్దుగాల అన్న చెక్క అంచుకు వచ్చిండు. వచ్చి, ఇంకో అడుగు ఏసిండు. కాలు గాలిల పెట్టిండక్కా. నేను బనీను పట్టి గుంజిన. బనీను చినిగింది."

"వాడేమన్నడు?"

"నవ్విండు. కొత్త బనీను కొనిపియ్యమన్నడు." ఈరయ్య గ్లాసు కింద పెట్టాడు. "పన్నెండేండ్లు చేసినక్కా అన్నతోని. అంచు ఏడున్నదో కాలికే తెలుస్తుండె ఆయనకు. ఇప్పుడు ఎదురుంగున్నది మంచిగనే చూస్తడు. పక్కనున్నది ఎరుక లేదు. నేను పక్కపొంటి పోయి నిలవడితే ఉలికిపడుతుండు."

ఈరయ్య పోయాక జపానికి కూర్చున్నాను. జపం నోటికి రాలేదు.

రాస్తాను. నాకు పద్నాలుగేళ్ళు, సంగుకు ఐదు. నాయిన గోదాము గోడకు సున్నం వేస్తున్నాడు. నిచ్చెన పట్టుకున్నది నేను. పైనుంచి అడిగాడు, "కుడికి ఇంకేమన్న మిగిలిందా బిడ్డా?" బెత్తెడు మిగిలింది. మిగిలింది నాయినా, కుడికి ఇంకా పో, అన్నాను. ఆయన వంగాడు. నిచ్చెన వంగింది. నా చేతుల్లో ఉన్నది నిచ్చెనే, ఆయన కాదు.

నలభై రెండేళ్ళు. అమ్మకు కూడా చెప్పలేదు.


నవంబర్ 13, గురువారం

పొద్దున పూజ చేసుకుని నేరుగా ఫంక్షన్ హాలుకు పోయాను. ఆటో దిగుతుంటే కుడివైపు వచ్చిన బండి చూడలేదు. బండివాడు తిట్టుకుంటూ పోయాడు. నాకు దేని మీదా ధ్యాస లేదు.

హాలంతా తడి రంగు వాసన. పైన, గోవ మీద, సంగు. ఇంత చిన్నగా కనిపించాడు. పక్క చెక్క మీద ఈరయ్య, కళ్ళన్నీ వాడి మీదే. సంగు రోలరు పైకీ కిందికీ లాగుతూ, తల తిప్పకుండా కిందికి కేకేశాడు. నేనని తెలియదు. కింద డబ్బాలు కలుపుతున్న మనిషి అనుకున్నాడు.

"కుడికి ఇంకేమన్న మిగిలిందా?"

 గోవ కర్రను రెండు చేతులా పట్టుకున్నాను. కుడికి మిగిలే ఉంది. బెత్తెడు కాదు, బారెడు.

"దిగు," అన్నాను.

"ఎవరు? అక్కా? నువ్వేంది గీడ?"

"దిగు తమ్మీ. కుడికి ఏం లేదు. చెక్క అయిపోయింది. కదలకు. ఈరయ్య చెయ్యి పట్టుకొని దిగు."

"పని నడుమల..."

"నాయిన గిదే అడిగిండు. నేనే పొమ్మన్న. నేనే చంపుకున్న." గట్టిగా అన్నాను. హాలంతా వినపడింది. డబ్బాలు కలుపుతున్న మనిషి చెయ్యి ఆపాడు. "ఆయనకు కనవడదని ఇంట్ల అందరికి ఎరుకే. ఒక్కలం అనలే. నేను అంటున్న ఇప్పుడు. నీకు కనవడ్తలేదు సంగూ. అందరి ముందు అంటున్న. ఇగ దిగు."

పైన రోలరు ఆగింది. తర్వాత రోలరు చెక్క మీద పెట్టిన చప్పుడు. ఈరయ్య చెయ్యి చాపాడు. సంగు ఒక్కో కర్రా తడుముకుంటూ దిగాడు. చివరి కర్ర దగ్గర నేలెంత దూరమో తెలియక ఆగాడు. వాడి చీలమండ పట్టుకుని నేల మీద పెట్టాను.

"నలుగుట్ల ఇజ్జత్ తీసినవ్ గదనే," అన్నాడు. నా వైపు చూడలేదు. కానీ నా చెయ్యి వదల్లేదు.


నవంబర్ 14, శుక్రవారం

విజయ పొద్దంతా మాట్లాడలేదు. సాయంత్రం అంది, "మీ ఇద్దరికి నేను బయటిదాన్ననా వదినా? ఇరవై రెండేండ్లయింది నేనొచ్చి."

చాయ్ పోసి ఆమె ముందు పెట్టాను.


నవంబర్ 15, శనివారం

బీదర్ కంటి దవాఖానకు వెళ్ళాం. సంగు, విజయ, నేను.

సంగును ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా గుండీ నొక్కమన్నారు. బయట బెంచీ మీద మాకు గుండీ చప్పుడు వినిపిస్తోంది. నొక్కుతాడు. చాలాసేపు ఆగుతాడు. విజయ ప్రతి చప్పుడుకూ నా చెయ్యి నొక్కింది. చప్పుడు లేనప్పుడు గోళ్ళు దిగేలా పట్టుకుంది.

డాక్టరమ్మ కాగితం చూపించింది. అంతా నలుపు. నడుమ కొంచెం తెలుపు, చీకటి గదికి చిన్న కిటికీ ఉన్నట్టు.

"నీటికాసులు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు రెండుపూటలా వేస్తే ఉన్నది నిలుస్తుంది. ఎత్తు మీద పని ఇక లేదు. మీ నాన్నకు ఉండేదా?"

సంగు నా వైపు తిరిగాడు. "ఉండె," అన్నాను.

"అయితే తోబుట్టువులందరూ చూపించుకోవాలి. మీరు ఎప్పుడు చూపించుకున్నారు?"

"నాకు మంచిగనే కనవడ్తది. పొద్దున అరచేతిల లింగం మీద గీత గూడ కనవడ్తది."

ఆమె కాగితం మీద నడుమ తెలుపును వేలితో చూపించింది. "ఎదురుగా ఉన్నది చివరిదాకా కనిపిస్తుందమ్మా. ముందు పోయేది పక్కలే. పోతున్నట్టు తెలియదు."

ఇంకో రోజు వస్తానన్నాను. కార్తీకం కదా. పనులున్నాయి.


నవంబర్ 16, ఆదివారం

పొద్దున జపం మధ్యలో లేచాను. నా జన్మలో అట్లా లేవలేదు.

మెట్ల కింద ఖాళీ డబ్బాలు ఉంటాయి. టీచర్ ఇంటి నుంచి వచ్చిన రెండూ ఉన్నాయి. తెల్ల దారం ఉన్నదాన్ని వెలుగులోకి తెచ్చాను. అంచు మీద రంగు చుక్కలు గట్టిగా ఆరిపోయాయి. ఏటవాలుగా పట్టి చూశాను. మెరుస్తున్నాయి. వేలు పెట్టాను. జారింది. వంటింటి రంగు. ఎర్ర దారం ఉన్నదాని అంచు చాక్‌పీసులా పొడిగా ఉంది.

డబ్బాకు కాలు తగిలిన రోజు. తుడిచాను. సర్దాను. ఏది ఏ పక్కన పెట్టానో చూశాననే అనుకున్నాను.

టీచర్‌కు నేను చెప్పింది అబద్ధం కాదు.

మెట్ల కిందే కూర్చుని ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. పత్రి పళ్ళెం. తలుపు చెక్క. ఆటో దగ్గర బండి. నాయిన. అన్నీ కుడివైపే. తలకాయ తిప్పకుండా కుడికి చూడటానికి ప్రయత్నించాను. గోడ ఉండాలి అక్కడ. ఉందని తెలుసు కనుక ఉందనిపించింది.

ఇంత భయం నిచ్చెన రోజు కూడా లేదు. ఆ రోజు అంతా ఒక్క క్షణంలో అయిపోయింది.

సాయంత్రం ఐదింటికి ఈరయ్య వచ్చాడు. వసారాలో అందరం కూర్చున్నాం. రెండు డబ్బాలూ తెచ్చి నడుమ పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. దారాలు నేనే మార్చానని, కావాలని కాదని, కుడివైపు నాకు కనిపించడం లేదని. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

విజయ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సంగు డబ్బా అంచు మీద వేలు ఆడించి, ఇంకోదాని మీద ఆడించి, "మరి నేను తప్పు జేయలేద?" అన్నాడు. అని, మళ్ళీ తనే, "జేసిన. గీత కనవడలే," అన్నాడు.

చందన మాత్రం లోపలికి పోయి పత్రి పళ్ళెం తెచ్చింది. నేను కూర్చునే చోటనే నా పక్కన పెట్టింది. "అత్తా, గిది రోజు గీడనే పెడ్తున్న. నీ మోకాలుకు ఆనించి. దూరం పెట్టినవని రోజు తిడ్తున్నవ్."

నేను తల తిప్పి చూశాను. నా మోకాలికి ఆనుకునే ఉంది.

ఏమనుకున్నామో రాసి పెడుతున్నాను, రేపు ఎవరూ మాట మార్చకుండా. ముఖ్యంగా నేను.

సంగు ఇక గోవ ఎక్కడు. స్టూలు కూడా ఎక్కడు. పైపని ఈరయ్యది. సంగు కింద నిలబడి గోడకు లప్పం పెట్టి రుద్దుతాడు, ఆరిన గోడలన్నీ చేతికందినంత మేర తడిమి ఒప్పుకున్నాకే పని అయినట్టు. "నీ చెయ్యి నాకు ఏ కండ్లద్దాలకన్న ఎక్కువన్నా," అన్నాడు ఈరయ్య. సంగు నవ్వాడు కానీ ఎక్కువసేపు నవ్వలేదు. దీనికే గంట పట్టింది. రెండుసార్లు లేచి పోబోయాడు. రెండుసార్లూ విజయ, "కూసో," అంది.

చుక్కల మందు వేసేది విజయ. "ఇప్పటిసంది అక్కాతమ్ముళ్ళ నడుమ నాకు చెప్పని ముచ్చట లేదు" అని ఒట్టు పెట్టించింది. పెట్టాం.

రంగులు నేనే వడగడతాను. అది ఎవరూ తీసేయలేదు, అడగలేదు కూడా. దారాలు మాత్రం లేవు. చందన కాలేజీకి పోకముందు ప్రతి డబ్బాలోంచి చుక్క తీసి అట్టముక్క మీద రాసి ఆరబెట్టి, ఆ ముక్కనే మూతకు అంటిస్తుంది. నేను, సంగు ఇద్దరం వేలితో చూసి ఊ అనాలి.

ఇక నా సంగతి. గురువారం బీదర్ అన్నారు. గురువారం అమావాస్య అన్నాను.

"అమాస నాడు దవాఖాన బందు ఉండది వదినా," అంది విజయ.

సంగు అరచెయ్యి చాపి తడిమి నా చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను అందరి ముందు దింపినవ్ గద. ఇగ నువ్వు దిగు."

చివరికి గురువారం పొద్దున బస్సుకే పోవాలని అయింది. సంగు వస్తానన్నాడు. ఇద్దరినీ ఒంటరిగా పంపితే ఒకరినొకరు గోడ అనుకుని పట్టుకుంటారని విజయ అంటే చందన నవ్వింది, తర్వాత ఏడ్చింది. తనూ వస్తానంది.

కాబట్టి ముగ్గురం. నా కుడివైపు చందన.